అధిక వేగంలో స్పోర్ట్స్ కారు నిలకడ: ఏరో భాగాలను ఏ క్రమంలో అమర్చాలి, ఎలా పరీక్షించాలి

ట్రాక్ డేలకు (సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే రోజులకు) కారు తీసుకెళ్లే పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ వింగ్ కొనాలి?" అన్నది. వింగ్ అంటే గాలి సాయంతో కారును కిందికి నొక్కేందుకు వెనుక బిగించే రెక్క. కొన్నాళ్లకు వారి దగ్గరి నుంచే రెండో ప్రశ్న వస్తుంది: "వింగ్ పెట్టాక గంటకు 180 కి.మీ. దాటితే స్టీరింగ్ తేలిపోతోంది, ఎందుకు?" రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. వేగం పెరిగేకొద్దీ ముందు ఇరుసు మీద ఎంత బరువు పడుతోంది, వెనుక ఇరుసు మీద ఎంత పడుతోంది, ఆ రెండింటి నిష్పత్తి ఎటు జరుగుతోంది అన్నదే నిలకడను తేలుస్తుంది. మొత్తం డౌన్‌ఫోర్స్ (గాలి కారును కిందికి నొక్కే బలం) ఎంత అన్న అంకె ఆ తర్వాతి మాట.

ఈ మార్గదర్శిని వరుసలో చదివి, వరుసలోనే అమలు చేయండి. ఇందులో చెప్పిన పరుగులన్నీ మూసి ఉన్న ట్రాక్‌పైనే చేయాలి. రోడ్డు మీద వాడే కారుకు బయటికి పొడుచుకొచ్చే భాగాలు అమర్చే ముందు మీ ప్రాంత రవాణా నిబంధనలు చూసుకోండి.

1. ముందుగా తెలియాల్సిన లెక్క

గాలి వల్ల పుట్టే బలం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అందుకే 100 కి.మీ. వేగంలో బుద్ధిగా నడిచే కారు 200 దగ్గర వేరే కారులా ప్రవర్తిస్తుంది.

చేతిలెక్కకు ఈ సూత్రం చాలు: బలం కిలోల్లో కావాలంటే గుణకం (ఆకారాన్ని బట్టి మారే అంకె), వైశాల్యం (చదరపు మీటర్లలో), వేగం వర్గం (వేగం గంటకు కి.మీ.లలో), 0.0047 – ఈ నాలుగింటినీ గుణించండి. సముద్రమట్టానికి దగ్గరలో, సాధారణ ఉష్ణోగ్రతలో ఇది సరిపోతుంది.

ఒక కారు ముందు నుంచి చూస్తే 2 చదరపు మీటర్లు ఉందనుకుందాం, దాని లిఫ్ట్ గుణకం 0.3 అనుకుందాం. 100 కి.మీ. వేగంలో గాలి ఆ కారును 28 కిలోల బలంతో పైకి లేపుతుంది. 200 దగ్గర అది 113 కిలోలు, 250 దగ్గర దాదాపు 176 కిలోలు. ఈ లిఫ్ట్‌లో పెద్ద వాటా వెనుక ఇరుసు మీద ఉంటే, వేగం పెరిగేకొద్దీ వెనుక టైర్ల పట్టు ముందు టైర్ల కంటే త్వరగా తగ్గుతుంది. అలాంటి కారు వంపులో యాక్సిలరేటర్ వదలగానే వెనుక భాగాన్ని బయటికి విసురుతుంది.

ఇది కాగితం మీద భయం మాత్రమే కాదు. 1998లో వచ్చిన మొదటి తరం ఆడి టీటీ అధిక వేగంలో ప్రమాదాలకు గురైన తర్వాత, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించి వెనుక స్పాయిలర్‌ను, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను (జారబోయే కారును తానే అదుపు చేసే వ్యవస్థను) చేర్చి, సస్పెన్షన్‌ను సవరించింది. చూడ్డానికి ఆ స్పాయిలర్ డిక్కీ అంచున చిన్న పెదవిలా ఉంటుంది. అంత చిన్న భాగానికీ విలువ ఉందంటే, అది సరిగ్గా లోటు ఉన్న చోట పనిచేయడం వల్లనే.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

ఏరో భాగం కొనే ముందే కారు యాంత్రికంగా సరిగా ఉండాలి. అరిగిన బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు), కారుతున్న డాంపర్ (షాక్ అబ్జార్బర్), సరిలేని వెనుక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) – ఇవన్నీ అధిక వేగంలో అచ్చం గాలి సమస్యలాగే కనిపిస్తాయి. వెనుక చక్రాలు ఏ కొంచెం టో-ఔట్ అయి ఉన్నా, అంటే వాటి ముందు అంచులు బయటికి తిరిగి ఉన్నా, ఎంత పెద్ద వింగ్ పెట్టినా కారు నేరుగా పోదు.

మొదలుపెట్టే ముందు ఈ జాబితా పూర్తి చేయండి:

- నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కొలతలు కాగితం మీద ఉన్నాయి.
- టైర్ల వేగ గుర్తు మీరు వెళ్లబోయే వేగానికి సరిపోతుంది (వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కి.మీ.).
- టైర్ల లోడ్ ఇండెక్స్‌లో (టైరు మోయగల బరువును తెలిపే అంకెలో) డౌన్‌ఫోర్స్ తెచ్చే అదనపు బరువుకు చోటుంది.
- నాలుగు మూలల తూకం, డ్రైవర్ కూర్చున్నప్పటిది, సగం ఇంధనంతో తీసుకున్నది ఉంది.
- ముందు, వెనుక రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) చదునైన నేల మీద కొలిచి రాసి ఉంది.
- వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం), వెనుక ఇరుసు నుంచి డిక్కీ చివరికి దూరం కొలిచి ఉన్నాయి.

ఒక చిన్న ప్రయోగం కూడా ఇప్పుడే చేసి పెట్టుకోండి. వెనుక ఇరుసుకు సరిగ్గా పైన 50 కిలోల ఇసుక సంచులు ఉంచి, కారును రెండడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, వెనుక భాగం ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలవండి. దొర్లించకపోతే టైర్ల, బుష్‌ల రాపిడి వల్ల కొలత తప్పు వస్తుంది. తర్వాత 100 కిలోలతో మళ్లీ కొలవండి. ముందు ఇరుసుకూ ఇదే పని చేయండి. ఒక మిల్లీమీటరు దిగితే ఎన్ని కిలోలు అన్న పట్టిక మీ చేతికి వస్తుంది. సస్పెన్షన్ కదలికను నమోదు చేసే సెన్సర్లు ఉంటే, ట్రాక్ మీద గాలి ఎంత బలంతో నొక్కుతోందో ఈ పట్టికే చెబుతుంది. విండ్ టన్నెల్ (ఫ్యాన్లతో గాలి వీచి కారును పరీక్షించే గది) అందుబాటులో లేనివారికి ఇంతకంటే నమ్మదగిన తక్కువ ఖర్చు పద్ధతి నాకు తెలియదు.

3. ఏ భాగమూ మార్చక ముందు మొదటి పరుగు

తొందరలో అందరూ వదిలేసే మెట్టు ఇది. కొత్త భాగం పెట్టాక కారు బాగుపడిందో లేదో తెలియాలంటే, పెట్టక ముందు ఎలా ఉందో రాతలో ఉండాలి.

120 కి.మీ. నుంచి మొదలుపెట్టి 20 చొప్పున వేగం పెంచుతూ వెళ్లండి. ప్రతి వేగంలోనూ మూడు విషయాలు రాయండి: సూటి దారిలో స్టీరింగ్ బరువు, పొడవైన వంపులో ముందు భాగం జారుతోందా వెనుక భాగం జారుతోందా, యాక్సిలరేటర్‌ను మెల్లగా వదిలినప్పుడు కారు ఎటు తిరుగుతోంది.

వేగం తక్కువగా ఉండే వంపుల్లో కూడా ఇదే పరిశీలన చేయాలి, ఎందుకంటే మొత్తం నిర్ధారణ ఈ పోలిక మీదే ఆధారపడి ఉంటుంది. 70 కి.మీ. వంపులోనూ 170 కి.మీ. వంపులోనూ ఒకే రకంగా ముందు భాగం జారితే అది సస్పెన్షన్ పని; యాంటీ-రోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ), క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం), టైర్ గాలి చూడండి. నెమ్మది వంపులో సరిగా ఉండి వేగం వంపులో మాత్రమే తేడా చేస్తే అది గాలి పని. ఈ ఒక్క పోలిక చేయకుండా భాగాలు కొనడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

ఒకే రోజు, ఒకే టైర్లతో, గాలివాటం గమనించుకుంటూ పరీక్షించండి. 10 డిగ్రీల ఉదయానికీ 35 డిగ్రీల మధ్యాహ్నానికీ గాలి సాంద్రతలో సుమారు 8 శాతం తేడా ఉంటుంది. అంటే డౌన్‌ఫోర్స్‌లోనూ అంతే తేడా.

4. పని వెనుక నుంచి మొదలుపెట్టండి

స్ప్లిటర్ (ముందు బంపర్ అడుగున బిగించే పలక) చవక, బిగించడం సులువు, చూడ్డానికి బాగుంటుంది. అందుకే చాలామంది ముందు దానినే పెడతారు. వెనుక ఏమీ లేకుండా ముందు ఇరుసు పట్టు పెంచితే కారు అధిక వేగంలో ఓవర్‌స్టీర్ (వంపులో వెనుక భాగం జారడం) వైపు జరుగుతుంది. 180 కి.మీ. వంపులో ముందు భాగం జారితే వేగం తగ్గించి బయటపడే వీలుంటుంది. వెనుక భాగం జారితే ఆ వీలు చాలామంది డ్రైవర్లకు ఉండదు. కాబట్టి ఏ దశలోనూ ముందు భాగం వెనుక భాగం కంటే ఒక అడుగు ముందుండకూడదు.

స్పాయిలర్, వింగ్ ఒకటి కావు. స్పాయిలర్ డిక్కీ అంచుకు అతుక్కుని ఉంటుంది. దాని ముందు గాలి నెమ్మదించి, డిక్కీ పైన ఒత్తిడి పెరిగి, లిఫ్ట్ తగ్గుతుంది. వింగ్ అనేది తలకిందులుగా ఉన్న విమానపు రెక్క. దానికి పైనా కిందా గాలి పారాలి. రోడ్డు మీద ఎక్కువ, ట్రాక్ మీద తక్కువ తిరిగే కారుకు స్పాయిలరే సరైన మొదటి అడుగని నా అభిప్రాయం.

వింగ్ పెట్టాలనుకుంటే దాని స్థానాన్ని ముందు లెక్కగట్టండి. 1.5 మీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు (ముందు అంచు నుంచి వెనుక అంచుకు దూరం) ఉన్న వింగ్ గుణకం 1 అనుకుంటే, 200 కి.మీ. దగ్గర అది సుమారు 70 కిలోల డౌన్‌ఫోర్స్ ఇస్తుంది. అది వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనుకగా ఉంది, వీల్‌బేస్ 2.5 మీటర్లు. తాటిబద్ద మీద చివరన కూర్చుంటే అవతలి చివర లేచినట్టే, ముందు ఇరుసు మీద 11 కిలోలు తగ్గుతాయి. ఆ వింగ్ డ్రాగ్ (గాలి కారును వెనక్కి లాగే బలం) 10 కిలోలనుకుంటే, అది నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో వెనక్కి లాగుతుంది కాబట్టి ముందు ఇరుసు నుంచి ఇంకో 5 కిలోలు పోతాయి. మొత్తం మీద వెనుక ఇరుసుకు 86 కిలోలు చేరతాయి, ముందు ఇరుసు 16 కిలోలు కోల్పోతుంది.

కథ అక్కడితో ఆగదు. ఆ కారు ఒక్కో ఇరుసు మిల్లీమీటరుకు 8 కిలోల చొప్పున దిగేదైతే, వెనుక భాగం సుమారు 11 మి.మీ. కుంగుతుంది, ముందు భాగం 2 మి.మీ. లేస్తుంది. ముందు ఇరుసుకు 90 సెంటీమీటర్లు ముందుగా ఉన్న బంపర్ పెదవి 6 మి.మీ.కు పైగా పైకి లేస్తుంది. ముక్కు లేచిన కారు కిందికి ఇంకాస్త గాలి దూరి, ముందు ఇరుసును ఇంకాస్త తేలిక చేస్తుంది. "వింగ్ పెట్టాక స్టీరింగ్ తేలిపోతోంది" అన్న ఫిర్యాదు మూలం ఇదే.

ఇప్పుడు అమరిక క్రమం:

- వీలైనంతవరకు వింగ్‌ను పైకప్పు ఎత్తుకు దగ్గరగా పెట్టండి. కిందికి ఉంటే వెనుక అద్దం నుంచి జారే చెదిరిన గాలిలో మునిగిపోతుంది.
- మొదటి కోణం 2 నుంచి 4 డిగ్రీలు మాత్రమే. ముందు అంచు, వెనుక అంచుల మీద సూటి బద్ద ఆనించి, దానిపై డిజిటల్ కోణమాపకం పెట్టి కొలవండి.
- కొలిచేటప్పుడు డ్రైవర్ సీట్లో ఉండాలి, నేల చదునుగా ఉండాలి.
- ఒకసారికి 2 డిగ్రీలకు మించి మార్చకండి.

పైకప్పు దాటిన గాలి కిందికి వంగి వస్తుంది. అందువల్ల వింగ్ మధ్యభాగానికి మీరు పెట్టిన కోణం కంటే ఎక్కువ కోణం తగులుతుంది, చివర్లకు పెట్టినంతే తగులుతుంది. మధ్యభాగం ముందే స్టాల్ అవుతుందన్నమాట, అంటే అక్కడ గాలి రెక్కను అంటుకోకుండా విడిపోతుంది. ఖరీదైన వింగ్‌లలో మధ్యభాగాన్ని తక్కువ కోణంతో మెలితిప్పి తయారుచేయడానికి కారణం అదే. ఒంటి పలక వింగ్ సాధారణంగా 12 నుంచి 15 డిగ్రీల మధ్య గాలిని వదిలేస్తుంది. ఆ తర్వాత కోణం పెంచితే డ్రాగ్ మాత్రమే పెరుగుతుంది.

కోణం చాలకపోతే వెనుక అంచున నిలువుగా గర్నీ ఫ్లాప్ అతికించండి. వింగ్ లోతులో 1 నుంచి 2 శాతం ఎత్తు చాలు; 25 సెంటీమీటర్ల వింగ్‌కు 3 నుంచి 5 మి.మీ. చూడ్డానికి ఎల్ ఆకారపు సన్నని పట్టీ, కానీ దాని ప్రభావాన్ని డ్రైవర్ సులువుగానే గుర్తుపడతాడు.

5. బిగింపు

ఇంత శ్రద్ధగా లెక్కగట్టిన వింగ్‌ను పల్చని డిక్కీ రేకుకు నాలుగు స్క్రూలతో బిగిస్తే అంతా వృథా. నేను కూడా ఈ తప్పు చేశాను. నాలుగైదు ల్యాప్‌ల తర్వాత చూస్తే డిక్కీ మూత కీలు దగ్గర పెయింట్ రుద్దుకుపోయి ఉంది, రబ్బరు గాస్కెట్ ఒకవైపే నలిగింది. వేగంలో మూత మొత్తం కుంగి, వింగ్ కోణం తనంతట తానే మారిపోతోంది. నేను మాత్రం పిట్స్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపి సర్దే చోట) డిగ్రీలో పదోవంతు సర్దుతూ కూర్చున్నాను.

1969 స్పానిష్ గ్రాండ్ ప్రి రేసులో గ్రాహం హిల్, యోఖెన్ రింట్ నడిపిన లోటస్ కార్ల ఎత్తైన వెనుక వింగ్‌లు పరుగులోనే విరిగి రెండు కార్లూ ప్రమాదానికి గురయ్యాయి. వింగ్ విరిగిన క్షణంలో వెనుక ఇరుసు పట్టు ఒక్కసారిగా పోతుంది. సర్దుకునే సమయం డ్రైవర్‌కు ఉండదు.

కాబట్టి బరువును ఛాసీకి (కారు ప్రధాన చట్రానికి) లేదా వెనుక క్రాస్ మెంబర్‌కు (చట్రంలోని అడ్డ కమ్మీకి) చేర్చండి. డిక్కీ మూతకే బిగించక తప్పకపోతే లోపలి వైపు వెడల్పైన పలక వేసి, మూత కుంగకుండా కింద ఊతం ఇవ్వండి. వింగ్ పనిలో పెద్ద వాటా కింది ఉపరితలానిది కాబట్టి, పై నుంచి హంస మెడలా వంగి పట్టుకునే స్టాండ్లు కింది ప్రవాహాన్ని చెదరగొట్టవు. దొరికితే అవే తీసుకోండి.

బిగింపు పరీక్ష:

- గరిష్ఠ వేగానికి లెక్కగట్టిన డౌన్‌ఫోర్స్‌కు రెట్టింపు బరువు ఇసుక సంచులు వింగ్ పొడవునా సమానంగా పరచండి.
- అరగంట ఉంచి, కోణం ఎంత మారిందో కొలవండి. అర డిగ్రీ దాటితే ఊతం చాలదు.
- వింగ్ చివరను చేత్తో వెనక్కి లాగి చూడండి. స్టాండ్లు పక్కకు ఊగకూడదు.
- ప్రతి నట్ లాకింగ్ రకానిదే ఉండాలి, దాని మీద పెయింట్ గీత గీసి ఉండాలి.

6. ముందు భాగం: ఎయిర్ డ్యామ్, స్ప్లిటర్

వెనుక ఇరుసు స్థిరపడి, అధిక వేగంలో కారు కొద్దిగా అండర్‌స్టీర్ చేస్తుంటే (వంపులో ముందు భాగం జారుతుంటే) మీరు సరైన చోటికి వచ్చినట్టే. ఇప్పుడు ముందు భాగం పెంచాలి.

ఎయిర్ డ్యామ్ అంటే ముందు బంపర్ కింద నిలువుగా ఉండే అడ్డు; అది కారు కిందికి పోయే గాలిని తగ్గిస్తుంది. స్ప్లిటర్ దాని అడుగున ముందుకు చాచిన పలక. పైన ఆగిపోయిన గాలి దాన్ని నొక్కుతుంది, కింద వేగంగా జారే గాలి దాన్ని పీలుస్తుంది. పని ఎక్కువగా చేసేది బంపర్ కింద వెనక్కి సాగిన పలక భాగమే. కనిపించే అంచు 10 సెంటీమీటర్లు పెంచడం కంటే, కనిపించని పలకను ముందు ఇరుసు వరకు చదునుగా సాగించడం మేలు.

మొదటి సెట్టింగ్‌గా అంచు 50 మి.మీ. ముందుకు, నేలకు 75 నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉంచండి. మరీ కిందికి దించాలన్న ఆశ వద్దు. నేలకు దగ్గరయ్యేకొద్దీ పీల్చే బలం పెరుగుతుంది, ఆ బలం ముక్కును ఇంకా దించుతుంది, ఒక హద్దు దాటాక సందు మూసుకుపోయి గాలి ఆగిపోతుంది, బలం ఠక్కున మాయమై ముక్కు లేస్తుంది, మళ్లీ గాలి పారి ముక్కు దిగుతుంది. సూటి దారిలో కారు ఇలా ఎగిరెగిరి పడుతుంటే రైడ్ హైట్ పెంచడమో స్ప్రింగ్ గట్టిపరచడమో చేయాలి.

గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ముక్కు దిగి స్ప్లిటర్ బలం పెరుగుతుంది, అదే సమయంలో బరువు వెనుక ఇరుసును వదిలి ముందుకు వస్తుంది. వేగంలో బ్రేక్ వేయగానే వెనుక భాగం అటూ ఇటూ ఊగితే, బ్రేకులను అనుమానించే ముందు స్ప్లిటర్‌ను 10 మి.మీ. పైకి లేపి చూడండి.

స్ప్లిటర్ బలానికి పాతకాలపు పరీక్ష ఒకటి ఉంది: దాని మీద మనిషి నిలబడాలి. బంపర్ ప్లాస్టిక్‌కు మాత్రమే తగిలించిన స్ప్లిటర్ ఇందులో నిలవదు. ఊత కడ్డీలు ఛాసీకి లేదా క్రాష్ బార్‌కు (బంపర్ వెనుక ఉండే గట్టి కమ్మీకి) బిగించండి.

7. అడుగుభాగం, డిఫ్యూజర్

బజారులో డిఫ్యూజర్ పేరుతో అమ్మే వెనుక బంపర్ ప్లాస్టిక్ ముక్కల్లో చాలావరకు అలంకారమే. కారు కింద పారే గాలి వేగాన్ని మెల్లగా తగ్గించి, ఒత్తిడిని బయటి స్థాయికి చేర్చడం డిఫ్యూజర్ (కారు వెనుక అడుగున పైకి వాలి ఉండే దారి) పని. దానికి ముందు నేలకు దగ్గరగా చదునైన అడుగుభాగం లేకపోతే, ఇంజన్, ఎగ్జాస్ట్, సస్పెన్షన్ చేతుల మధ్య చెదిరిన గాలితో అది ఏమీ చేయలేదు.

కాబట్టి ముందు అండర్‌ట్రే (అడుగుభాగాన్ని చదును చేసే పలక), తర్వాతే డిఫ్యూజర్. కోణం 7 నుంచి 10 డిగ్రీలతో మొదలుపెట్టండి. కోణం ఎక్కువైతే గాలి పైపలకను వదిలేసి సుడులు తిరుగుతుంది. వెనుక రైడ్ హైట్ ముందు కంటే కాస్త ఎక్కువగా ఉంచితే, అంటే కారుకు కొద్దిపాటి రేక్ ఇస్తే, అడుగుభాగం మొత్తం డిఫ్యూజర్‌కు తోడ్పడుతుంది. ఎగ్జాస్ట్ పైపు దగ్గర వేడికి ఆగే పదార్థం వాడండి, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ దగ్గర గాలి తగిలే రంధ్రాలు వదలండి.

8. చిన్న భాగాలు

బానెట్ మీద రేడియేటర్ వెనుక తెరిచిన గాలి దారులు వేడిగాలిని కారు కిందికి పోనివ్వకుండా పైకి పంపుతాయి. ముందు లిఫ్ట్ తగ్గుతుంది, ఇంజన్ చల్లగా ఉంటుంది. ముందు చక్రాల పైన ఫెండర్ దారులూ వీల్ ఆర్చ్‌లో పేరుకున్న ఒత్తిడిని వదిలేస్తాయి. డ్రాగ్ పెద్దగా పెంచకుండా ముందు ఇరుసుకు సాయపడే భాగాలు కాబట్టి, స్ప్లిటర్‌ను ఇంకా పొడిగించే ముందు వీటిని ఆలోచించండి.

బంపర్ మూలల్లో పెట్టే కెనార్డ్‌లు (చిన్న రెక్కలు) చివరి సర్దుబాటుకు మాత్రమే. ఇచ్చే బలానికి అవి తెచ్చే డ్రాగ్ ఎక్కువ. సైడ్ స్కర్ట్‌లు నేలకు దగ్గరగా లేకపోతే అందానికే.

కంపెనీ నుంచి వచ్చిన లేచే స్పాయిలర్ ఉంటే దాన్ని పనిచేయనివ్వండి. దాన్ని తీసేసి వింగ్ పెట్టినవారు, స్టెబిలిటీ కంట్రోల్ హెచ్చరిక దీపం వెలుగుతోందా అని చూసుకోవాలి. పరీక్షలు పూర్తయ్యే వరకు స్టెబిలిటీ కంట్రోల్ ఆపకండి.

9. ట్రాక్ మీద పరీక్ష

గాలి ఎటు పారుతోందో కంటితో చూడటానికి ఊలు దారమే సాధనం. 6 నుంచి 8 సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించి, పది సెంటీమీటర్లకొకటి చొప్పున టేపుతో అంటించి, కెమెరాతో చిత్రీకరించండి. దారం సూటిగా వెనక్కి పడుకుంటే ప్రవాహం అంటుకుని ఉంది. గిరగిర తిరిగినా ముందుకు తిరిగినా విడిపోయింది.

మొదటిసారి నేను దారాలన్నీ వింగ్ పైభాగానే అంటించాను, వెనుక కారులోని కెమెరాకు బాగా కనిపిస్తాయని. అన్నీ దువ్వినట్టు పడుకున్నాయి, సంతోషించాను. వారం తర్వాత కింది వైపు అంటించి, డిక్కీ మీద చిన్న కెమెరా పెట్టి చూస్తే మధ్యలో రెండడుగుల మేర దారాలు పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. గాలి వదిలేసేది ఎప్పుడూ కింది వైపే. కోణం 4 డిగ్రీలు తగ్గించాక కారు వెనుక పట్టు పెరిగింది, సూటి దారిలో వేగమూ పెరిగింది.

పరుగుల క్రమం ఇలా ఉండాలి:

- ఒక పరుగుకు ఒకే మార్పు.
- ప్రతి మార్పు తర్వాత 120, 140, 160 అంటూ మళ్లీ మెట్లెక్కండి. నేరుగా గరిష్ఠ వేగానికి పోకండి.
- సూటి దారిలో రెండు దిశల్లో పరుగెత్తే వీలుంటే సగటు తీయండి.
- మూడు మార్పుల తర్వాత మొదటి సెట్టింగ్‌కు తిరిగి వెళ్లి, పాత ఫలితమే వస్తోందా చూడండి. రాకపోతే టైర్లు అరిగాయి లేదా గాలివాటం మారింది. మధ్యలోని అంకెలు నమ్మకండి.

సస్పెన్షన్ సెన్సర్ల కదలికను రెండో మెట్టులోని పట్టికతో కిలోల్లోకి మార్చి, ముందు ఇరుసు వాటా ఎంతో లెక్కగట్టండి. కారు ఆగి ఉన్నప్పటి బరువులో ముందు వాటా 50 శాతం అయితే, డౌన్‌ఫోర్స్‌లో ముందు వాటాను 45 నుంచి 48 మధ్య పెట్టి మొదలుపెట్టడం నా పద్ధతి. వేగం పెరిగేకొద్దీ కారు కొంచెం అండర్‌స్టీర్ వైపు జరగాలి. వ్యతిరేక దిశలో జరిగితే ముందు భాగం తగ్గించాలి.

డ్రాగ్ ఖర్చు కూడా రాసుకోండి. 200 కి.మీ. దగ్గర 10 కిలోల డ్రాగ్ 7 హార్స్‌పవర్‌కు పైగా తింటుంది, వేగం పెరిగితే ఆ ఖర్చు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది.

10. లక్షణం చూసి సర్దుబాటు

వేగం వంపులో మాత్రమే ముందు భాగం జారుతుంటే: వెనుక వింగ్ 2 డిగ్రీలు తగ్గించండి. వెనుక పట్టు మిగులు లేదనిపిస్తే తగ్గించకుండా స్ప్లిటర్ పెంచండి.

వేగం వంపులో మాత్రమే వెనుక భాగం జారుతుంటే: మొదట ఊలు దారాలతో వింగ్ స్టాల్ అయిందేమో చూడండి. కాకపోతే 2 డిగ్రీలు పెంచండి. తొందరగా కావాలంటే స్ప్లిటర్ అంచు వెనక్కి జరపండి.

సూటి దారిలో స్టీరింగ్ తేలికగా, అస్పష్టంగా ఉంటే: ముక్కు లేస్తోంది. వెనుక స్ప్రింగ్, రేక్, వింగ్ వెనక్కి ఎంత చాచి ఉందో చూడండి.

పక్కగాలికి కారు దారి తప్పుతుంటే: పక్కగాలి తోసే కేంద్రం గురుత్వ కేంద్రానికి ముందుందని అర్థం. వెనుక వైపు నిలువు వైశాల్యం పెంచాలి. పెద్ద ఎండ్ ప్లేట్లు (వింగ్ చివర్లలోని నిలువు పలకలు) ఇందుకు పనికొస్తాయి. రేసు కోసమే తయారయ్యే ప్రోటోటైప్ కార్ల వీపు మీద నిలువు రెక్క ఉండేదీ కారు అడ్డం తిరగకుండా ఆపడానికే.

ముందు మరో కారు ఉన్నప్పుడు మాత్రమే ముందు భాగం జారుతుంటే: మీ సెట్టింగ్‌లో తప్పు లేదు. ముందు కారు చెదరగొట్టిన గాలి మీ స్ప్లిటర్‌కు అందుతోంది. దూరం పెంచండి, లేదా వంపులో ఆ కారు గీతకు పక్కగా ఉండండి.

ఎత్తు ఎక్కి దిగే చోట ప్రత్యేక జాగ్రత్త అవసరం. 1999లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు వారంలో మెర్సిడెస్ బెంజ్ సీఎల్ఆర్ కార్లు మూడుసార్లు ముక్కు లేచి గాలిలోకి పల్టీ కొట్టాయి. పొడవైన చదును అడుగుభాగం ఉన్న కారు ముక్కు ఒక హద్దు దాటి లేస్తే, అంతవరకు కిందికి పీల్చిన ఆ అడుగుభాగమే గాలిపటంలా పనిచేస్తుంది. మీ ట్రాక్‌లో అలాంటి ఎత్తు ఉంటే ముందు డాంపర్ల రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి సాగే తీరు) సరిచూసి, అక్కడ మరో కారుకు అతి దగ్గరగా వెళ్లకండి.

11. ప్రతి సెషన్ తర్వాత

- వింగ్ స్టాండ్ల నట్ల మీది పెయింట్ గీతలు కలిసే ఉన్నాయా?
- వింగ్ కోణం పొద్దున రాసినదే ఉందా?
- స్ప్లిటర్ అడుగున కొత్త గీతలు ఎక్కడ పడ్డాయి? మధ్యలో పడితే ముక్కు దిగుతోంది, ఒక మూలనే పడితే కారు ఒరుగుతోంది.
- ఊత కడ్డీల చివర్లలో పగుళ్లు ఉన్నాయా?
- అండర్‌ట్రే స్క్రూలన్నీ ఉన్నాయా? ఒక్కటి ఊడినా వేగంలో పలక కిందికి వంగి గాలిని పట్టుకుంటుంది. అలాంటప్పుడు పిట్స్ నుంచి బయటికి రాకండి.